కరోనా వచ్చిపోయాక యాంటీబాడీలు ఎన్నాళ్లుంటాయి? రిపోర్టులో అంకె తగ్గితే భయపడాలా?

పరకాల నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల బాపుకు 64 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. 2021 మేలో కరోనా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. జులైలో హనుమకొండలో యాంటీబాడీ టెస్ట్ చేయిస్తే 212 వచ్చింది. అంకె బాగుంది కదా అని టీకా వాయిదా వేశారు. అక్టోబరులో వేరే ల్యాబ్‌లో చేయిస్తే 61. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది, నవంబరులో మొదటి డోసు వేయించారు. అయినా 2022 జనవరిలో మళ్లీ పాజిటివ్ వచ్చింది. ఈసారి మూడు రోజుల జ్వరంతో తగ్గిపోయింది. ఆ తర్వాత రెండో డోసు కూడా అయింది. "అసలు యాంటీబాడీలు ఎన్ని నెలలుంటాయి? ఇప్పుడు మళ్లీ టెస్ట్ చేయించాలా? మేడారం జాతరకు తీసుకుపోవచ్చా?" అని అడుగుతున్నారు. చివర్లో ఒక ముక్క రాశారు: అవ్వ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్రలు వాడుతున్నదట, ఆమెకు మాత్రం కరోనా రానే లేదట. ఆ చివరి ముక్క దగ్గరికి తప్పకుండా వస్తాను.

నేను హనుమకొండలో ఇరవై ఆరేళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా ఉన్నాను. రెండు వేవ్‌లలోనూ కొవిడ్ వార్డులో పనిచేశాను. మీరడిగిన ప్రశ్న నన్ను కనీసం వెయ్యి మంది అడిగి ఉంటారు. 2021లో నాకు తెలిసిన సమాధానం సగమే. ఆ తర్వాత ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనల వల్ల ఇప్పుడు కొంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ముందు సూటిగా చెబుతాను. యాంటీబాడీలంటే వైరస్‌ను పట్టుకుని అడ్డుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు. కరోనా సోకిన వాళ్లలో ఎక్కువమందికి ఇవి మొదటి మూడు నాలుగు వారాల్లో బాగా పెరుగుతాయి. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు వేగంగా తగ్గుతాయి. అక్కడి నుంచి తగ్గడం నెమ్మదిస్తుంది, ఏడాది తర్వాత కూడా చాలామంది రక్తంలో కొద్దో గొప్పో కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి మీ బాపు రిపోర్టులో జులైకి, అక్టోబరుకు మధ్య అంకె తగ్గడం జబ్బు లక్షణం ఏమీ కాదు. తగ్గకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

ఎందుకు తగ్గుతాయో అర్థమైతే సగం భయం పోతుంది, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

వైరస్ ఒంట్లోకి రాగానే బి కణాలు అనే తెల్ల రక్తకణాలు మేల్కొంటాయి. వాటిలో కొన్ని తొందర తొందరగా యాంటీబాడీలు తయారుచేసే కణాలుగా మారిపోతాయి. అప్పటికప్పుడు యుద్ధానికి దిగిన దండు లాంటివి ఇవి. పని అయిపోగానే కొద్ది రోజుల్లో, వారాల్లో చనిపోతాయి. వాటితోపాటు అవి పోసిన యాంటీబాడీలూ కరిగిపోతాయి. మన రక్తంలో ఉండే ఐజీజీ రకం యాంటీబాడీ అణువు సగం అరిగిపోవడానికి సుమారు 21 రోజులు పడుతుంది. అంటే కొత్తవి తయారు కాకపోతే మూడు వారాలకు సగం, ఆరు వారాలకు పావు వంతు, అట్లా ఆరు నెలలకు దాదాపు ఏమీ మిగలకూడదు. అయినా ఏడాదికి కూడా కనిపిస్తున్నాయంటే లోపల ఎక్కడో ఎవరో తయారుచేస్తూనే ఉన్నారన్నమాట.

వాళ్లు ఎక్కడున్నారో 2021 మేలో తేలింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు కరోనా వచ్చి తగ్గిన 77 మందిని పట్టుకుని నెలల తరబడి రక్తం తీశారు. వాళ్లలో ఎక్కువమందికి జబ్బు స్వల్పంగానే వచ్చింది. మొదటి నాలుగు నెలలు యాంటీబాడీలు గబగబా పడిపోయాయి, ఆ తర్వాత ఏడు నెలలు మెల్లగా తగ్గుతూ 11 నెలలకు కూడా దొరికాయి. వాళ్లలో 18 మంది ఎముక మజ్జ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఎముక మజ్జ తీయించుకోవడం నొప్పితో కూడిన పని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ముందుకొచ్చి ఇచ్చారంటే నేను వాళ్లకు దండం పెడతాను. జబ్బు వచ్చిన ఏడెనిమిది నెలల తర్వాత తీసిన ఆ మజ్జలో, 18 మందిలో 15 మందికి కరోనా యాంటీబాడీలు తయారుచేసే కణాలు స్థిరపడి కనిపించాయి. ఇవి దీర్ఘకాలం బతికే కణాలు.

మన వైపు వ్యవసాయ బావి చూసినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. వానలు బాగా పడిన ఏడు బావి అంచుల దాకా నిండుతుంది. దీపావళి దాటేసరికి నీళ్లు గజాల లెక్కన దిగిపోతాయి. చూసినవాళ్లు ఇక ఎండిపోతుందేమో అనుకుంటారు. కానీ ఊట ఉన్న బావి ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది, రోజూ కాస్త తోడినా మళ్లీ ఊరుతుంది. మీ బాపు జులై రిపోర్టు వాననీళ్లను కొలిచింది. అక్టోబరు రిపోర్టు వచ్చేసరికి ఆ నీళ్లు దిగి, బావి తన ఊట మట్టానికి చేరుకుంటున్నది.

యాంటీబాడీలు ఒక్కటే కాదు. జ్ఞాపక బి కణాలు ఇంకో రకం. ఇవి యాంటీబాడీలు పోయకుండా నిశ్శబ్దంగా ఉండి, అదే వైరస్ మళ్లీ వస్తే అప్పుడు పనిలోకి దిగుతాయి. వీటి సంగతి నాకు చాలా ధైర్యమిచ్చింది. అమెరికాలోని లా హోయా రోగనిరోధక పరిశోధన సంస్థ 188 మంది కోలుకున్నవాళ్లను పరిశీలించి 2021 మొదట్లో ఫలితాలు ప్రచురించింది. జబ్బు వచ్చిన నెలకు ఉన్నదానికంటే ఆరు నెలలకు జ్ఞాపక బి కణాలు ఎక్కువగా ఉన్నాయి. రిపోర్టులో అంకె తగ్గుతున్న అదే కాలంలో ఇవి పెరుగుతున్నాయన్నమాట! మీ ల్యాబ్ రిపోర్టులో వీటికి గడి లేదు. అలాగే టి కణాలు. వైరస్ దూరిన కణాలను వెతికి చంపేవి ఇవే. 2003లో వచ్చిన సార్స్ కూడా కరోనా కుటుంబపు వైరసే. ఆ జబ్బు నుంచి కోలుకున్న 23 మందిని సింగపూర్‌లో 17 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే టి కణాలు ఇంకా దాన్ని గుర్తుపట్టాయి. వీటిని కొలిచే టెస్టు మామూలు ల్యాబుల్లో ఉండదు.

ఇంత ఏర్పాటు ఉన్నప్పుడు బాపుకు 2022 జనవరిలో మళ్లీ ఎందుకు వచ్చిందని మీరడగవచ్చు. అడగాల్సిందే. దీనికి రెండు కారణాలు.

మొదటిది, వచ్చిన వైరస్ పాతది కాదు. 2021 మేలో మన దగ్గర ఊళ్లకు ఊళ్లను పట్టింది డెల్టా. 2022 జనవరిలో వచ్చింది ఒమిక్రాన్. వైరస్ ఒంటిమీద ఉండే ముల్లు లాంటి స్పైక్ ప్రొటీన్‌లో ఒమిక్రాన్‌కు ముప్పైకి పైగా మార్పులున్నాయి. డెల్టాను చూసి తయారైన యాంటీబాడీల్లో చాలావాటికి ఈ కొత్త ముఖం పట్టు దొరకలేదు. ఖతర్‌లో జరిగిన పరిశీలనలో, ముందు ఒకసారి కరోనా రావడం వల్ల ఆల్ఫా, బీటా, డెల్టాల నుంచి 90 శాతం దాకా రక్షణ ఉంటే, ఒమిక్రాన్ దగ్గరికి వచ్చేసరికి అది 56 శాతానికి పడింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. నవంబరులో టీకా పడింది కాబట్టి జనవరికి మీ బాపు యాంటీబాడీలు మంచి స్థాయిలోనే ఉండి ఉంటాయి. ఒకసారి జబ్బు వచ్చినవాళ్లకు ఒక్క డోసు పడినా అవి బాగా పైకి లేస్తాయి. అయినా సోకింది.

రెండోది, కరోనా చాలా తొందరగా పనిచేసే వైరస్. తట్టుతో పోల్చి చూడండి. తట్టు ఒకసారి వస్తే జీవితమంతా మళ్లీ రాదని మన పెద్దవాళ్లకూ తెలుసు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చిపోయింది. మళ్లీ 1846లో వచ్చినప్పుడు చిన్నా పెద్దా వేలమందికి సోకింది కానీ, 65 ఏళ్ల కిందట అది వచ్చిపోయిన ముసలివాళ్ల జోలికి మాత్రం రాలేదు. తట్టు ఒంట్లో చేరాక బయటపడడానికి పది రోజులకు పైగా పడుతుంది, వైరస్ రూపం కూడా పెద్దగా మారదు. జ్ఞాపక కణాలు లేచి దండు కట్టడానికి ఆ సమయం చాలు. ఒమిక్రాన్ అయితే సోకిన మూడు రోజులకే గొంతునొప్పి, జ్వరం మొదలవుతాయి. జ్ఞాపక కణాలు పూర్తిగా పనిలోకి దిగేసరికి నాలుగైదు రోజులు పడుతుంది. అందుకని ముక్కు, గొంతు దగ్గర వైరస్‌ను ఆపలేకపోయినా, అది ఊపిరితిత్తుల్లోకి దిగి విధ్వంసం చేసేలోపు అడ్డుపడతాయి. మీ బాపుకు మొదటిసారి తొమ్మిది రోజుల ఆసుపత్రి, రెండోసారి మూడు రోజుల జ్వరం. ఒమిక్రాన్ కొంత తేలికైన రకమన్న మాట నిజమే కానీ, షుగర్ ఉన్న అరవై దాటిన మనిషి ఇంట్లోనే కోలుకోవడంలో ఈ జ్ఞాపకానికి పెద్ద పాత్ర ఉంది.

దీన్ని లెక్కగా కూడా చూడవచ్చు. 19 దేశాల్లో జరిగిన 65 అధ్యయనాలను కలిపి చూసి 2023లో లాన్సెట్ పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల ఒమిక్రాన్ మళ్లీ సోకకుండా ఉండే రక్షణ 40 వారాలకు 36 శాతానికి పడిపోయింది. అదే 40 వారాలకు, ఆసుపత్రి పాలు కాకుండా, ప్రాణం మీదికి రాకుండా ఉండే రక్షణ మాత్రం 88 శాతానికి పైనే ఉంది. నన్ను యాంటీబాడీలు ఎన్ని నెలలని అడిగినప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి. మళ్లీ సోకకుండా ఆపే శక్తి నెలల్లో తగ్గుతుంది. ప్రాణాన్ని కాపాడే శక్తి అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రశ్న ఒకటే అయినా సమాధానాలు రెండు.

ఇప్పుడు మీ 212, 61 అంకెల సంగతి. అంకె తగ్గడం సహజమే అన్నాను కానీ, వేర్వేరు ల్యాబుల్లో వచ్చిన ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎంత తగ్గిందో లెక్కగట్టడం తప్పు. ఒక్కో కంపెనీ కిట్ ఒక్కో కొలతలో చెబుతుంది, అన్నింటికీ ఒకే ప్రమాణం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో ఒక కొలబద్ద ఇచ్చినా, ఆ తర్వాత కూడా పాత కొలతలతో రిపోర్టులు వస్తూనే ఉండేవి. రిపోర్టులో అంకె పక్కన ఏయూ (కిట్ కంపెనీ సొంత కొలత) అని ఉందో బీఏయూ (ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్ద ప్రకారం కొలత) అని ఉందో చూడండి. రెండూ వేరైతే, ఎనుమాముల మార్కెట్‌లో ఒకరు క్వింటాళ్లలో, ఇంకొకరు బస్తాల్లో చెప్పిన మిర్చి లెక్కను పోల్చినట్టే అవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని కిట్లు స్పైక్ మీద యాంటీబాడీలను చూస్తాయి, కొన్ని వైరస్ లోపలుండే న్యూక్లియోక్యాప్సిడ్ అనే ప్రొటీన్ మీదివి చూస్తాయి. రెండో రకం యాంటీబాడీలు తొందరగా తగ్గిపోతాయి. అందువల్ల ఒకే మనిషికి ఒకే రోజు ఒక ల్యాబ్‌లో "ఉన్నాయి" అని, ఇంకో ల్యాబ్‌లో "లేవు" అని రావడం సాధ్యమే. టీకా సంగతీ అంతే. కోవిషీల్డ్ ఒంటికి స్పైక్‌ను మాత్రమే చూపిస్తుంది, కాబట్టి అది వేసుకున్నవాళ్లలో స్పైక్ యాంటీబాడీలే పెరుగుతాయి. కోవాగ్జిన్ చంపిన పూర్తి వైరస్‌తో తయారైంది కాబట్టి రెండు రకాలూ రావచ్చు. కోవాగ్జిన్ తీసుకున్న మనిషి రిపోర్టు చూసి "మీకు తెలియకుండానే కరోనా వచ్చిపోయింది" అని ఎవరైనా చెబితే, ఆ మాట నమ్మాల్సిన పని లేదు.

మరి 61 అంటే భయం, 212 అంటే ధైర్యం అని గీత ఎక్కడైనా ఉందా? లేదు. ఇంత అంకె దాటితే ఈ మనిషికి రాదు అని చెప్పే హద్దు ఎవరూ నిర్ణయించలేదు. పైగా జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్లకే మొదట్లో అంకె ఎక్కువగా ఉంటుంది, లక్షణాలు లేకుండా పోయినవాళ్లకు తక్కువగా ఉంటుంది. ఎక్కువ అంకె వచ్చిందంటే ఒళ్లు గట్టిదని అర్థం కాదు, జబ్బు గట్టిగా వచ్చిందని అర్థం కావచ్చు. జులైలో 212 చూసి మీరు టీకా వాయిదా వేశారు కదా, ఆ టెస్టు వల్ల జరిగిన నష్టం అదే. కోలుకున్న మూడు నెలలకు టీకా వేయించుకోవాలని 2021 మేలోనే కేంద్రం చెప్పింది. ఆ లెక్కన ఆగస్టు, సెప్టెంబరులో పడాల్సింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో మా కాలనీలో చదువుకున్నవాళ్లు కూడా ఇదే చేశారు.

ఈ అంకెల మీద మోజు ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. జబ్బు ముదిరినవాళ్లకు ఎక్కించడానికి ప్లాస్మా (కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసిన ద్రవం) కోసం జనం అర్ధరాత్రి ఫోన్లు చేసిన రోజులవి. కోలుకున్నవాళ్ల రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూసి దాతలను వెతికేవాళ్లం. వరంగల్ నుంచి హైదరాబాదు దాకా కారులో పోయి ప్లాస్మా ఇచ్చి వచ్చిన పిల్లలను చూశాను. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద చేసిన పరీక్షలో, ప్లాస్మా వల్ల జబ్బు ముదరడం కానీ, చావులు కానీ తగ్గలేదని తేలింది. 2021 మేలో దాన్ని చికిత్స జాబితా నుంచి తీసేశారు. ఆ పిల్లల మంచితనం మాత్రం నేను మరిచిపోలేను.

యాంటీబాడీ టెస్టు పనికిరానిదని అనుకోవద్దు. ఊరు మొత్తాన్ని చూడడానికి అది మంచి సాధనం. ఎంతమంది రక్తంలో యాంటీబాడీలున్నాయో చూడడానికి ఐసీఎంఆర్ దేశమంతా చేసిన సీరో సర్వేల్లో తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలను తీసుకున్నారు. మన పక్క జనగామ పల్లెల్లో ఇంటింటికీ పోయి రక్తం తీశారు. 2020 మే, జూన్‌లో జరిగిన మొదటి విడతలో దేశం మొత్తం మీద వందలో ఒకరికి కూడా యాంటీబాడీలు లేవు, 0.73 శాతమే. 2021 జూన్, జులైలో జరిగిన నాలుగో విడతకు అది 67.6 శాతానికి చేరింది. సెకండ్ వేవ్ ఎంత లోతుగా తాకిందో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. ఆసుపత్రిలో కూడా దీనికి ఒక చోటు ఉంది. పిల్లలకు కరోనా తగ్గిన రెండు నుంచి ఆరు వారాల తర్వాత తీవ్రమైన జ్వరం, ఒంటిమీద దద్దు, కళ్లు ఎర్రబడడం, కడుపునొప్పి వస్తే, అది కరోనా తర్వాత వచ్చే వాపు జబ్బేమో తేల్చుకోవడానికి ఈ పరీక్ష రాస్తాం. అంతేకానీ ఇంట్లో ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దాయనకు ఆరు నెలలకోసారి చేయించాల్సిన పరీక్ష కాదు.

కాబట్టి బాపుకు ఇప్పుడు మళ్లీ యాంటీబాడీ టెస్ట్ వద్దు. ఆ డబ్బుతో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. కొవిడ్ వార్డులో నేను చూసిన షుగర్ పేషెంట్లలో, షుగర్ అదుపులో ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు మధ్య తేడా కళ్లముందు కనిపించేది. ఇంకో మాట. మళ్లీ ఎప్పుడైనా జ్వరం, దగ్గు వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకోనివ్వకండి. ఆ పూటకు హాయిగా ఉంటుంది కానీ, షుగర్ ఒక్కసారిగా లేస్తుంది. 2021 ఎండాకాలంలో బ్లాక్ ఫంగస్ పట్టినవాళ్లలో ఎక్కువమంది షుగర్ ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్లే.

జాతరకు నిరభ్యంతరంగా తీసుకుపోండి. గద్దెల దగ్గర తొక్కిసలాట వేళ కాకుండా జాతరకు వారం ముందో, తర్వాతో పోతే ఆయన వయసుకు ఇంకా నయం. దర్శనం క్యూలో మాస్కు పెట్టుకోమనండి. జంపన్న వాగులో స్నానం చేశాక తడి బట్టలతో నిలబడనివ్వకండి. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు సంచిలో ఉండాలి. వచ్చాక జ్వరం వస్తే చేయాల్సింది ముక్కులోంచి తీసే యాంటిజెన్ లేదా ఆర్‌టీపీసీఆర్ పరీక్ష, రక్తంలో చూసే యాంటీబాడీ పరీక్ష కాదు. పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే ఆక్సిజన్ చూడండి. 94 కంటే తగ్గినా, నడిస్తే ఆయాసం వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇక అవ్వ సంగతి. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు కానీ, మీ ఇంట్లో నేను ముందు చూడాలనుకునే మనిషి ఆమెనే. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి మంచి మందు. అయితే అది రోగనిరోధక కణాల జోరును తగ్గించి పనిచేస్తుంది. అందువల్ల టీకా వేసుకున్నా ఆమెలో యాంటీబాడీలు మిగతావాళ్లంత బాగా తయారు కాకపోవచ్చు. కరోనా రాలేదంటే లక్షణాలు లేకుండా వచ్చిపోయి ఉండవచ్చు, నిజంగానే తప్పించుకుని ఉండవచ్చు. రెండోదే నిజమైతే, బాపుకు ఉన్న రెండు ఇన్‌ఫెక్షన్ల జ్ఞాపకం ఆమెకు లేదు. ఆమెకు ఎన్ని డోసులు పడ్డాయో, చివరిది ఎప్పుడో రాసుకోండి. మాత్రల చీటీతో సహా ఆమెకు కీళ్ల మందులు రాసే డాక్టరును కలిసి ఇంకో డోసు అవసరమా అని అడగండి. టీకా వేశాక రెండు వారాలు మెథోట్రెక్సేట్ ఆపితే యాంటీబాడీలు బాగా పెరుగుతాయని బ్రిటన్‌లో చేసిన ఒక ట్రయల్‌లో తేలింది, కానీ ఆపితే కొందరికి కీళ్లు మళ్లీ వాస్తాయి. కాబట్టి మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఆపాలో వద్దో ఆమె కీళ్లు చూసి ఆ డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా ఇంట్లో ఎవరికి జలుబు చేసినా ఆమె పడుకునే గది వేరుగా ఉంచండి, వంటింట్లోకి మాస్కుతో పోండి.